0.75 చూసి ట్విన్ కాదనుకోకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదివేవాళ్లందరికీ అర్థమయ్యేలా ముందు మీ సమస్యను క్లుప్తంగా చెబుతాను. కాకినాడలో మీరు తయారుచేసిన ఆర్గానిక్ పదార్థం, అణువులో కైరల్ కేంద్రం (ఎడమ, కుడి చేతుల్లా ప్రతిబింబంతో కలవని అమరిక ఇచ్చే పరమాణువు) లేదు. ఇథనాల్‌లో నెమ్మదిగా ఆరనిస్తే పలుచటి పలకల్లాంటి స్ఫటికాలు వచ్చాయి. స్నేహితుడి చేతికిచ్చి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ పంపి, అక్కడ ఎక్స్-రే డిఫ్రాక్షన్ డేటా తీయించారు. సెల్ (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న పెట్టె) 7.4, 12.1, 15.8 ఆంగ్‌స్ట్రామ్‌లు, కోణాలు 90.02, 90.21, 89.98. ప్రోగ్రామ్ ఆర్థోరాంబిక్ (మూడు కోణాలూ 90 ఉండే సిమెట్రీ) అంది, అక్షాల పేర్లు మార్చి పి21212 స్పేస్ గ్రూప్ (అణువుల అమరికకున్న సిమెట్రీ పేరు) ఇచ్చింది. ఆర్-ఇంట్ (సమానంగా ఉండాల్సిన కొలతల మధ్య తేడా) 0.12. ఈ-స్క్వేర్ మైనస్ ఒకటి సగటు (మచ్చల బలాలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) 0.75. నిర్మాణం ఏదోలా తేలింది గాని ఆర్1 (నిర్మాణానికీ కొలతలకీ మధ్య తేడా) 19 శాతం దగ్గర మొండికేసింది, బెంజీన్ రింగులో నాలుగు కార్బన్లు ఎన్‌పీడీ (కంపన విలువలు అర్థం లేకుండా రావడం) అవుతున్నాయి. ల్యాబ్‌లో ఒకరు ట్విన్ (రెండు దిక్కుల్లో పెరిగి అతుక్కున్న స్ఫటికం) అన్నారు. ఇంకొకరు, 0.736 కంటే తగ్గలేదు కాబట్టి ట్విన్ కాదన్నారు. ఎవరి మాట నమ్మాలని అడిగారు.

నా అంచనా ముందే చెప్పేస్తాను: అది ట్విన్. అసలు నిర్మాణం మోనోక్లినిక్ (ఒక కోణం 90 కానక్కర్లేని సిమెట్రీ), పి21/సి అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ట్విన్ భాగం (రెండో దిక్కులో పెరిగిన వాటా) 0.4 దగ్గర ఉండాలి. ఈ మూడూ మీరు రాసిన అంకెల్లోనే ఉన్నాయి. ఎలా ఉన్నాయో చూపిస్తాను, ఎందుకంటే రేపు ఇంకో స్ఫటికంతో ఇదే టెన్షన్ వచ్చినప్పుడు మీరే చూసుకోగలగాలి.

నాకు ట్విన్ అంటే ఏమిటో చుక్కల ముగ్గు చూశాకే సరిగ్గా పట్టుబడింది. మాది అమలాపురం పక్క పల్లె. నెలగంట పెట్టిన రోజు నుంచి సంక్రాంతి దాకా మా అమ్మ రోజూ తెల్లవారుజామున వాకిలి కడిగి ముగ్గు వేసేది. ముందు చుక్కలు, తర్వాత గీతలు. స్ఫటికంలో చుక్కలంటే లాటిస్. గీతలంటే ఒక్కో చుక్క చుట్టూ ఉండే అణువుల అమరిక. ఎదురు చుక్కలు దీర్ఘచతురస్రాలుగా పెట్టి, ప్రతి చుక్క దగ్గరా కుడివైపు వాలిన మామిడి పిందె గీశారనుకోండి. వాకిలి సగం వరకు పిందెలు కుడికి వాలి, అక్కడి నుంచి ఎడమకి వాలితే ఏమవుతుంది? చుక్కలు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే వరసలో ఉంటాయి. గీతలే రెండు రకాలు. అదే ట్విన్. ఒకే పదార్థం, ఒకే అమరిక, రెండు దిక్కుల్లో పెరిగి ఒకే స్ఫటికంగా అతుక్కుంది. మన రావులపాలెం గెలల్లో ఒకే తొక్కలో రెండు పళ్లున్న కవల అరటిపండు కనిపిస్తుందే, పైనుంచి చూస్తే ఒకటే పండు, అలాగన్నమాట.

ఎక్స్-రే చిత్రంలో మచ్చ ఎక్కడ పడుతుందనేది చుక్కలు నిర్ణయిస్తాయి. ఆ మచ్చ ఎంత బలంగా ఉంటుందనేది గీతలు నిర్ణయిస్తాయి. రెండు సగాల చుక్కలు ఒకదాని మీద ఒకటి పడితే మచ్చల స్థానాలు చూసి ట్విన్‌ను పట్టుకోలేం. ప్రతి మచ్చలోనూ రెండు సగాల బలాలు కలిసిపోయి ఉంటాయి. లాటిస్‌కు అమరిక కంటే ఎక్కువ సిమెట్రీ ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. దీన్ని మెరోహెడ్రల్ అంటారు. మీ బీటా 90.21 లాగా, ఉండకూడని సిమెట్రీ లాటిస్‌కు కాకతాళీయంగా దాదాపు వచ్చేస్తే సూడో-మెరోహెడ్రల్. ఈ వర్గీకరణకు పునాది వేసింది ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఫ్రీడెల్. వందేళ్లయినా ఇంకా అదే వాడుతున్నాం.

ఇప్పుడు ఒక్క జత రిఫ్లెక్షన్లు (అంటే ఆ మచ్చలే) తీసుకుని లెక్క చేద్దాం. ట్విన్ లేని స్ఫటికంలో ఒకదాని బలం 900, ట్విన్ వల్ల దానిమీద పడే రెండోదాని బలం 100 అనుకోండి. రెండో దిక్కులో పెరిగిన భాగం 0.3 అయితే, మొదటి మచ్చలో కొలిచేది 0.7 × 900 + 0.3 × 100, అంటే 660. రెండో మచ్చలో 0.3 × 900 + 0.7 × 100, అంటే 340. 900కీ 100కీ మధ్య ఉన్న అంతరం 660, 340 దాకా కుంచించుకుపోయింది. బలమైనది తగ్గింది, బలహీనమైనది పెరిగింది. ట్విన్ భాగం తెలిస్తే వెనక్కి లెక్కగట్టవచ్చు: 0.7 × 660 లోంచి 0.3 × 340 తీసేసి 0.4తో భాగిస్తే మళ్లీ 900 వస్తుంది. కానీ భాగం సరిగ్గా 0.5 అయితే రెండు మచ్చలూ 500, 500. అక్కడ భాగించాల్సింది సున్నాతో. వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది, నిర్మాణాన్ని ఊహించి ముందుకు లెక్కగట్టి పోల్చుకోవడం ఒక్కటే మిగులుతుంది.

మిగతావన్నీ ఈ చిన్న లెక్కలోంచే వస్తాయి, అందుకే దీన్ని ఒకసారి కాగితం మీద మీ చేత్తో చేసి చూడండి.

మొదట ఆ 0.75 సంగతి. విల్సన్ 1949లో చూపించిన గణాంకాల ప్రకారం, నార్మలైజ్ చేసిన బలాల్లో ఈ-స్క్వేర్ మైనస్ ఒకటి విలువ సగటు, గుర్తు వదిలేసి తీస్తే, సెంట్రోసిమెట్రిక్ (ఒక కేంద్రానికి అటూ ఇటూ ఎదురెదురు భాగాలు ఒకేలా ఉండే) స్ఫటికానికి 0.968, సెంట్రోసిమెట్రీ లేనిదానికి 0.736 ఉండాలి. ట్విన్ అయితే బలాలు సగటు వైపు కుంచించుకుపోతాయి కాబట్టి ఈ అంకె తగ్గుతుంది. ఇంతవరకు మీ ల్యాబ్‌లో చెప్పింది సరైనదే. వాళ్లు మర్చిపోయిందల్లా, ఎక్కడి నుంచి తగ్గుతుందనేది. సెంట్రోసిమెట్రీ లేని స్ఫటికం సగం-సగం ట్విన్ అయితే 0.736 నుంచి 0.54 దాకా దిగుతుంది, అప్పుడు ఎవరికైనా అనుమానం వస్తుంది. సెంట్రోసిమెట్రిక్ స్ఫటికం సగం-సగం ట్విన్ అయితే 0.968 నుంచి దిగి సరిగ్గా 0.736 దగ్గర ఆగుతుంది! అంటే ట్విన్ అయిన పి21/సి స్ఫటికం, ట్విన్ లేని కైరల్ స్ఫటికం వేషం వేసుకుని వస్తుంది. ప్రోగ్రామ్‌కు ఆ వేషం వెనక మొహం తెలియదు. 0.75 చూసి 'సెంట్రోసిమెట్రీ లేదు' అని రాసి, పి21212 చేతిలో పెట్టింది.

మీ అణువుకు కైరల్ కేంద్రం లేదు. అలాంటి ఆర్గానిక్ పదార్థాల్లో సెంట్రోసిమెట్రిక్ స్పేస్ గ్రూపులే ఎక్కువ. ఇప్పటిదాకా నిర్మాణం తేలిన ఆర్గానిక్ స్ఫటికాల్లో మూడో వంతుకు పైగా ఒక్క పి21/సి లోనే ఉన్నాయి. పి21212 ఒక్క శాతం కూడా లేదు. అరుదైనది రాకూడదని కాదు, వచ్చినప్పుడు రెండోసారి చూడాలి.

రెండో ఆధారం మాయమైన రిఫ్లెక్షన్లు. ఇది మీ డేటాలో నాకు బాగా నచ్చిన భాగం. మీరు పంపిన పట్టికలో, అక్షాలు మార్చకముందు (హెచ్, కె, ఎల్ అంటే ప్రతి మచ్చకూ ఇచ్చే మూడు అంకెలు), 0కె0 వరసలో కె బేసి అయినవి లేవు, 00ఎల్ వరసలో ఎల్ బేసి అయినవి లేవు, హెచ్00లో అన్నీ ఉన్నాయి. దీన్ని చూసి ప్రోగ్రామ్ రెండు స్క్రూ అక్షాలు (తిప్పి, అక్షం వెంట జరిపే సిమెట్రీ) అనుకుంది. అక్కడితో ఆగకుండా హెచ్0ఎల్ తలం చూడండి. అందులో ఎల్ బేసి అయిన ప్రతి రిఫ్లెక్షనూ లేదు. ఒకటీ రెండూ కాదు, తలమంతా. పి21212లో ఇలా జరగడానికి ఏ కారణమూ లేదు. ఇది గ్లైడ్ తలం (అద్దంలోలా తిప్పి, పక్కకు జరిపే సిమెట్రీ) గుర్తు. 00ఎల్ అనేది హెచ్0ఎల్‌లో ఒక వరస కాబట్టి అక్కడ బేసివి పోవడానికీ ఆ గ్లైడే కారణం. స్క్రూ అక్షం అక్కర్లేదు.

మరి ఆర్థోరాంబిక్‌లోనే గ్లైడ్ పెట్టి సరిపెట్టుకోవచ్చు కదా అంటారేమో. కుదరదు. 0కె0లో కె బేసివి, హెచ్0ఎల్‌లో ఎల్ బేసివి మాత్రమే పోయి, మిగతా తలాలు నిండుగా ఉండే కలయిక ఆర్థోరాంబిక్ స్పేస్ గ్రూపుల పట్టికలో ఎక్కడా లేదు. మోనోక్లినిక్ పట్టిక తెరవండి: బి అక్షం మీద 21, దానికి అడ్డంగా సి గ్లైడ్. అచ్చంగా పి21/సి. మాయమైన రిఫ్లెక్షన్లు ఏ స్పేస్ గ్రూపుకూ సరిపోకపోతే డేటాను తిట్టుకోవద్దు, అది మీకు నిజమే చెబుతోంది. మీ కేసులో ట్విన్ ఈ గుర్తులను చెరపలేదు కూడా, ఎందుకంటే ఎ అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పితే హెచ్0ఎల్ తలం తన మీదే పడుతుంది, 0కె0 కూడా అంతే.

మూడోది ఆర్-ఇంట్. మీకు 0.12 వస్తే 'కొంచెం ఎక్కువే గాని పర్లేదు, పలుచటి స్ఫటికం కదా' అన్నారని రాశారు. ఇలాంటి చోట పర్లేదనుకోవడం వల్లే నెలలు పోతాయి. డేటాను ఎమ్ఎమ్ఎమ్‌లో (ఆర్థోరాంబిక్ సిమెట్రీ) కాకుండా 2/ఎమ్‌లో (మోనోక్లినిక్ సిమెట్రీ) మూడుసార్లు కలిపి చూడండి: ఒకసారి ఎ ప్రత్యేక అక్షంగా, ఒకసారి బి, ఒకసారి సి. నిజంగా ఆర్థోరాంబిక్ అయితే మూడింటిలోనూ ఇంచుమించు ఒకే విలువ వస్తుంది. మోనోక్లినిక్ ట్విన్ అయితే ఒక్క దాంట్లో టక్కున పడిపోతుంది, మిగతా రెండూ 0.12 చుట్టుపక్కలే ఉంటాయి. మీకు బి దగ్గర పడిపోతుందని నా నమ్మకం.

ఆ 0.12 లోంచే ట్విన్ భాగం కూడా లాగవచ్చు. సెంట్రోసిమెట్రిక్ నిర్మాణంలో, ట్విన్ వల్ల కలిసిన జతలను పొరపాటున సమానమని కలిపితే వచ్చే ఆర్-ఇంట్, కొలతల్లో సహజంగా ఉండే లోపాన్ని పక్కన పెడితే, సుమారు 0.64ను (1 − 2 × ట్విన్ భాగం)తో గుణించినంత ఉంటుంది. 0.4 వేసి చూడండి: 0.64 × 0.2, అంటే 0.13. మీ అంకె అక్కడే ఉంది. మొదట్లో 0.4 అని ధైర్యంగా రాయగలిగింది అందుకే. ట్విన్ భాగం 0.5కు దగ్గరయ్యేకొద్దీ ఈ ఆర్-ఇంట్ సున్నా వైపు జారుతుంది, అంటే ట్విన్ ఎంత పూర్తిగా ఉంటే తప్పుడు సిమెట్రీ అంత అందంగా కనిపిస్తుంది. తక్కువ ఆర్-ఇంట్ చూసి నిశ్చింతగా ఉండకూడదు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. పీహెచ్‌డీ మూడో ఏడాదిలో నాకొక ట్రైగొనల్ స్ఫటికం దొరికింది. ఆర్-ఇంట్ 0.05, పి3121 అని ప్రోగ్రామ్ చెప్పింది. ఈ-స్క్వేర్ అంకె 0.58. ఆ అంకె నా కళ్లముందే ఉంది, దాని అర్థం నాకు తెలియక పేజీ తిప్పేశాను. ఆరు నెలలు అదే నిర్మాణాన్ని సాగదీశాను. అణువు సగం డిజార్డర్ అనుకుని ప్రతి పరమాణువునూ రెండుగా చీల్చాను, ఆంక్షల మీద ఆంక్షలు పెట్టాను. ఒకరోజు మొదటి స్ఫటికం పాడైపోయి, అదే సీసాలోంచి రెండోది తీసి పెట్టాను. అదే సెల్, అదే గ్రూప్. ఆర్-ఇంట్ మాత్రం 0.21! అదే పదార్థం, అదే యంత్రం. పదార్థానికి నిజంగా ఆ సిమెట్రీ ఉంటే స్ఫటికం మారితే మారకూడదు. మారేది ట్విన్ భాగం ఒక్కటే. అసలు గ్రూప్ పి31. సందు చుక్కలు పెట్టి, ప్రతి చుక్క మీద మూడు రేకుల పువ్వు గీయండి. ముగ్గును 60 డిగ్రీలు తిప్పితే చుక్కలన్నీ చుక్కల మీదే పడతాయి, రేకులు మాత్రం ఖాళీల్లోకి వెళతాయి. లాటిస్‌కున్న సిమెట్రీ పువ్వుకు లేదు. నా స్ఫటికంలో తిరిగిన అక్షం వేరేగాని జరిగింది అదే. ట్విన్ సూత్రం ఒక్క వరస రాస్తే మధ్యాహ్నానికి ఆర్1 4 శాతానికి వచ్చింది. ఆ ఆరు నెలలూ మళ్లీ రావు. అందుకే ఎవరడిగినా, రెండో స్ఫటికం మీద కూడా డేటా తీయమని ముందు చెబుతాను.

ఇక రిఫైన్‌మెంట్ (నిర్మాణాన్ని కొలతలకు తగ్గట్టు సరిదిద్దడం) మధ్యలో కనిపించే గుర్తులు. ఆ పని చేసే షెల్ఎక్స్ఎల్ ప్రోగ్రామ్ ఇచ్చే ఎల్ఎస్‌టీ ఫైలు చివర 'బాగా విభేదించిన రిఫ్లెక్షన్లు' అని ఒక జాబితా ఉంటుంది. మామూలు పొరపాట్లలో కొలిచిన విలువ కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ ఉంటుంది. ట్విన్‌లో ఆ జాబితా అంతా ఒకే వైపు ఉంటుంది: కొలిచినది లెక్కకంటే బాగా ఎక్కువ. పైన 100 ఉండాల్సినది 340 ఎలా అయిందో గుర్తుంది కదా, అదే. బలహీనమైన రిఫ్లెక్షన్ల గుంపులో కె విలువ (కొలిచినదానికీ లెక్కకూ నిష్పత్తి) 1 ఉండాల్సింది 3, 5 అని కనిపిస్తే కూడా అదే కథ. 1998లో హెర్బ్‌స్ట్-ఇర్మర్, షెల్డ్రిక్ ఈ హెచ్చరికలన్నీ ఒకచోట రాశారు. నేను చెప్పినవాటిలో చాలావరకు అందులో ఉన్నాయి. బెంజీన్ రింగు ఎన్‌పీడీ అవడం, ఎక్కడా పరమాణువు లేనిచోట పెద్ద శిఖరాలు రావడం ఫలితాలే తప్ప రుజువులు కావు. తప్పు స్పేస్ గ్రూపులో వేరే కారణాలతోనూ వస్తాయి.

మచ్చలు ఒకదాని మీద ఒకటి పూర్తిగా పడని రకం ఇంకొకటుంది, నాన్-మెరోహెడ్రల్. రెండు చుక్కల ముగ్గులను వేర్వేరు వాలుల్లో ఒకదానిమీద ఒకటి వేస్తే కొన్ని చుక్కలు కలుస్తాయి, కొన్ని పక్కపక్కన పడతాయి, కొన్ని అసలు కలవవు. ఇది నిజానికి పట్టుకోవడం తేలిక, ఎవరైనా ఫ్రేములు చూస్తే! కొన్ని మచ్చలు గుండ్రంగా, కొన్ని రెండుగా చీలి ఉంటాయి. ఇండెక్సింగ్‌లో మూడో వంతు మచ్చలు దేనికీ చెందకుండా మిగిలిపోతాయి. లేదా రెండు లాటిస్‌లనూ ఒకే సెల్‌లో ఇరికించడానికి ప్రోగ్రామ్ ఒక అక్షాన్ని అసహజంగా పొడుగు చేస్తుంది. 40 ఆంగ్‌స్ట్రామ్‌ల అక్షం ఉన్న చిన్న అణువు కనిపిస్తే ముందు ఇదే అనుమానించండి. సెల్‌నౌ లాంటి ప్రోగ్రామ్ రెండో లాటిస్‌ను విడదీసి, మొదటిదాన్ని ఎంత తిప్పితే అది వస్తుందో చెబుతుంది. ఒక అక్షం చుట్టూ 180 డిగ్రీలు అంటే ట్విన్. ఏదో వంకర దిక్కు చుట్టూ 7.3 డిగ్రీలు అంటే అది రెండు వేరు స్ఫటికాలు అంటుకోవడం. ఇంకో స్ఫటికం ఏరుకోవడం మేలు. ట్విన్ అయితే రెండు లాటిస్‌లకూ కలిపి ఇంటిగ్రేట్ చేసి, ట్విన్‌ఆబ్స్‌తో దిద్ది, హెచ్‌కెఎల్‌ఎఫ్ 5 ఫైలుతో రిఫైన్ చేస్తారు.

మీ విషయంలోనూ ఫ్రేముల్లో ఒక చిన్న సాక్ష్యం దొరకవచ్చు. బీటా సరిగ్గా 90 కాదు, 0.21 ఎక్కువ. కాబట్టి రెండు సగాల లాటిస్‌లు మధ్యలో కలిసినా అంచుల్లో కొంచెం జారతాయి. తక్కువ కోణాల్లో మచ్చలు శుభ్రంగా ఉండి, ఎక్కువ కోణాల మచ్చలు ఒకే దిక్కుకి సాగినట్టు కనిపిస్తే, అది ఆ జారుడే.

మన దగ్గర అసలు చిక్కు ఇక్కడే. డెల్టాలో చాలా కాలేజీలకు డిఫ్రాక్టోమీటర్ లేదు. స్ఫటికాలు రైలెక్కి వెళతాయి, తిరిగొచ్చేది ఒక హెచ్‌కెఎల్ ఫైలు (మచ్చల బలాల జాబితా), ఒక సెల్, ఒక స్పేస్ గ్రూప్ పేరు. ఆ హెచ్‌కెఎల్ ఫైలు ముందే ఎమ్ఎమ్ఎమ్‌లో కలిపేసి ఇస్తే, 660నీ 340నీ సగటు చేసి 500 రాసేసినట్టే. మీ చేతికొచ్చేసరికి సాక్ష్యం చెరిగిపోయింది. అందుకే కలపని డేటా కావాలని, వీలైతే ఫ్రేములే కావాలని ముందే అడగండి. ఈ రోజుల్లో ఒక డేటా సెట్ పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. అబ్జార్ప్షన్ దిద్దుబాటు ఏ సిమెట్రీలో చేశారో కూడా అడగండి. ఎమ్ఎమ్ఎమ్ అనుకుని చేస్తే ఆ దిద్దుబాటు కూడా ట్విన్ తేడాలను కొంత మింగేస్తుంది.

రైలెక్కించే ముందు మీరు చేయగలిగిన పని మైక్రోస్కోప్ కింద ఉంది. పోలరైజింగ్ మైక్రోస్కోప్ లేకపోతే పాడైపోయిన ఎల్‌సీడీ తెర లోంచి పోలరాయిడ్ షీటు తీసి, ఒక ముక్క స్ఫటికం కింద, ఇంకోటి పైన అడ్డంగా పెట్టండి. ముందు మైలుతుత్తంతో చేయి తిప్పుకోండి. కొబ్బరి తోటల్లో బోర్డో మిశ్రమానికి వాడేదే, ఎరువుల కొట్లో దొరుకుతుంది. వేడినీళ్లలో కరిగించి, వడగట్టి, రెండు రోజులు కదపకుండా ఉంచితే నీలం స్ఫటికాలు వస్తాయి. చిన్నది, పలుచటిది ఒకటి ఏరి తిప్పండి. ఒకే స్ఫటికమైతే 90 డిగ్రీలకోసారి మొత్తం ఒక్కసారిగా చీకటైపోతుంది, అంచు నుంచి అంచుకి. అతుక్కున్న గుత్తి అయితే ఒక ముక్క చీకటైనప్పుడు పక్కది వెలుగుతూ ఉంటుంది. కన్ను ఈ తేడాకు ఒకసారి అలవాటు పడితే మళ్లీ మర్చిపోదు.

మీ స్ఫటికాన్ని అలాగే తిప్పండి, కానీ ఒక్క వైపు నుంచే చూసి వదిలేయకండి. మోనోక్లినిక్ స్ఫటికాన్ని బి అక్షం వెంట చూస్తేనే రెండు సగాలూ వేర్వేరు కోణాల్లో చీకటవుతాయి, మధ్యలో గీత కత్తిరించినట్టు కనిపిస్తుంది. బి అక్షం అడ్డంగా పడుకుని ఉంటే రెండూ కలిసే చీకటవుతాయి, ట్విన్ దాక్కుంటుంది. పలక ఎటు పడుకుంటే అటే చూస్తాం కాబట్టి, చుక్క నూనెలో వేసి సూదితో నిలబెట్టి కూడా చూడాలి. మెరోహెడ్రల్ టెట్రాగొనల్, ట్రైగొనల్ ట్విన్లు మాత్రం ఈ పద్ధతికి దొరకవు. క్వార్ట్జ్‌లో డోఫినే ట్విన్ అలాంటిదే. రెండు సగాలకూ కాంతి దారి ఒక్కటే. రెండు పలకల మధ్య లోపలికి తిరిగిన మూల, జిప్సంలో కనిపించే చేప తోకలాంటి చీలిక, ఇవి కంటికే కనిపించే గుర్తులు. ట్విన్ గీత స్పష్టంగా ఉంటే నూనెలోనే పదునైన బ్లేడుతో ఆ గీత మీద కోసి ఒక సగం పెట్టవచ్చు. మన తేమ గాలికి చాలా స్ఫటికాలు కళ్లముందే తెల్లబారతాయి కాబట్టి పొడిగా కోయకండి, పంపేటప్పుడు తల్లి ద్రావణంలోనే (అవి పెరిగిన ద్రావణం) ఉంచి పంపండి.

ఇప్పుడు రిఫైన్‌మెంట్. పి21/సి లో, బి ప్రత్యేక అక్షంగా, డేటాను కలపకుండా మొదలుపెట్టండి. నిర్మాణం తేలాక షెల్ఎక్స్ఎల్‌కిచ్చే ఐఎన్ఎస్ ఫైల్లో ట్విన్ 1 0 0 0 -1 0 0 0 -1 అని, కింద బాస్ఫ్ 0.4 (ట్విన్ భాగం) అని రాయండి. ఆ తొమ్మిది అంకెలు ఎ అక్షం చుట్టూ 180 డిగ్రీలు. సి అక్షం చుట్టూ తిప్పినా పి21/సి లో అదే ఫలితం, కాబట్టి రెండిట్లో ఏది రాయాలని తల పట్టుకోవద్దు. నేననుకున్నది నిజమైతే ఆర్1 ఒక్క సైకిల్లో సగానికి పైగా పడిపోతుంది, ఎన్‌పీడీలు పోతాయి, డిఫరెన్స్ మ్యాప్‌లో హైడ్రోజన్లు వాటంతట అవే వరసగా కనిపిస్తాయి. నాకు అసలు నమ్మకం కలిగించేది ఆ హైడ్రోజన్లే. ఆర్1 19 నుంచి 18.3కు మాత్రమే తగ్గి, బాస్ఫ్ 0.04 దగ్గర తచ్చాడితే నేను పొరబడ్డానని అర్థం. ఆ ట్విన్ వరస తీసేయండి, పరిశోధన పత్రంలో పెట్టకండి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. నిజంగా ఆర్థోరాంబిక్ అయిన స్ఫటికాన్ని మోనోక్లినిక్‌లోకి దించి ట్విన్ సూత్రం పెట్టినా రిఫైన్‌మెంట్ హాయిగా సాగుతుంది, బాస్ఫ్ 0.5 దగ్గర కూర్చుంటుంది, అందరూ సంతోషిస్తారు. అందుకే చివర్లో ప్లాటన్ ప్రోగ్రామ్‌లో యాడ్‌సిమ్ పరీక్ష తప్పకుండా నడపండి. అది మరచిపోయిన సిమెట్రీ చూపిస్తే దాని మాట వినండి. మీ కేసులో హెచ్0ఎల్ సాక్ష్యం గట్టిది కాబట్టి చూపించదనే అనుకుంటున్నాను.

ప్రొటీన్ల వాళ్లు కూడా ఇది చదువుతారని తెలుసు, వాళ్లకు ఒక్క మాట. మీకు ఐ (మచ్చ బలం) స్క్వేర్ సగటును ఐ సగటు స్క్వేర్‌తో భాగిస్తే, ఏసెంట్రిక్ రిఫ్లెక్షన్లకు, ట్విన్ లేకపోతే 2.0, పూర్తి ట్విన్‌కు 1.5. కానీ స్ఫటికంలో సూడో-ట్రాన్స్‌లేషన్ (అణువు దాదాపు అదే వాలులో పక్కకు జరిగి మళ్లీ రావడం) ఉంటే ఆ అంకె పైకి లేచి ట్విన్‌ను కప్పేస్తుంది. 2003లో పడిల్లా, యేట్స్ ఇచ్చిన ఎల్-టెస్ట్ దగ్గర్లోని రిఫ్లెక్షన్లనే పోల్చుతుంది కాబట్టి దానికి అంత సులువుగా లోబడదు. గుర్తు వదిలేసి తీసిన ఎల్ సగటు 0.5 ఉంటే ట్విన్ లేదు, 0.375 అంటే పూర్తి ట్విన్. రెండూ కలిపి చూడండి.

ఇంకో విషయం, డేటా 100 కెల్విన్‌లో తీశారని రాశారు. కొన్ని పదార్థాలు చల్లబడేటప్పుడు ఫేజ్ మారి, ఆ మార్పులోనే ట్విన్ అవుతాయి. సీసాలోంచి తీసినప్పుడు ఒకటే స్ఫటికం, నైట్రోజన్ గాలి తగిలాక రెండు. గది ఉష్ణోగ్రతలో సెల్ ఒక్కటి కొలవడానికి ఎక్కువసేపు పట్టదు. అక్కడ సెల్ నిజంగా వేరుగా ఉంటే చల్లదనాన్ని తగ్గించి డేటా తీయించుకోండి, ట్విన్ గొడవే ఉండకపోవచ్చు.

హైదరాబాద్‌కు ఫోన్ చేసినప్పుడు మూడు అడగండి: కలపని హెచ్‌కెఎల్, ఫ్రేములు, అదే సీసాలోంచి ఇంకో స్ఫటికం మీద సెల్‌తో పాటు ఒక త్వరిత డేటా సెట్. రెండో స్ఫటికం ఆర్-ఇంట్ ఎమ్ఎమ్ఎమ్‌లో 0.12 కాకుండా 0.25 వచ్చిందో, 0.04 వచ్చిందో నాకు రాయండి. కలపని ఫైలు రాగానే మూడు 2/ఎమ్ విలువలూ ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.